బండి దిగిన దర్శకుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి బెంగళూరు, చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గూఢచారి సినిమాల మీదే. సిరీస్ నడుస్తుండగా దర్శకుడు తప్పుకుంటే సినిమా ఏమవుతుంది, స్క్రిప్టు ఎవరికి చెందుతుంది, ఎవర్ని తిట్టుకోవాలి అని అడిగారు. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం.

ప్ర: ఆఫీసులో అయిదారుగురం బాండ్ పిచ్చోళ్లం. 'నో టైమ్ టు డై' డానీ బాయిల్ చేతిలోనే ఉండుంటే అదిరిపోయేదని ఒకడు, ఆయన పోవడమే మంచిదైందని ఇంకొకడు. ఇన్నేళ్లయినా లంచ్ టేబుల్ దగ్గర ఇదే తగువు. అసలు 'క్రియేటివ్ డిఫరెన్సెస్' అంటే ఏం జరిగినట్టు? (మారతహళ్లి, బెంగళూరు)

జ: ఇద్దరికీ సగం సగం మార్కులు. ముందు ఆ ప్రకటనని ఇంకోసారి చదవండి. 2018 ఆగస్టు 21న వచ్చింది, ఒకే ఒక్క వాక్యం. అభిప్రాయ భేదాల వల్ల బాయిల్ ఇక ఈ సినిమా చెయ్యడం లేదని చెప్పింది. కింద పేర్లు మాత్రం మూడున్నాయి: నిర్మాతలు మైకేల్ జి. విల్సన్, బార్బరా బ్రోకలీ, వాళ్ల పక్కనే హీరో డేనియల్ క్రెయిగ్. హీరో పేరు ఊరికే పెట్టలేదు. దర్శకుడి వెంట హీరో కూడా వెళ్లిపోతాడేమో అన్న అనుమానం పుట్టకముందే దాన్ని కొట్టేశారు. ఇలాంటి ప్రకటన కనిపించినప్పుడల్లా కారణం కంటే ముందు పేర్లు చూడండి. కారణం ఎప్పుడూ అదే ఉంటుంది, పేర్లే మారుతుంటాయి.

ఇక క్యాలెండరు. డిసెంబరు 3న పైన్‌వుడ్ స్టూడియోలో షూటింగ్ మొదలు, 2019 అక్టోబరు 25న బ్రిటన్‌లో విడుదల అని ఆ ఏడాది మే నెలలోనే చెప్పేశారు. అంటే బాయిల్ దిగేసరికి క్లాప్ కొట్టడానికి మూడున్నర నెలలు కూడా లేవు. పేచీ వచ్చింది కథ దగ్గర. తొలి సినిమాల నుంచి తనకు రాస్తున్న జాన్ హాడ్జ్‌ని బాయిల్ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల కథ ఇప్పటి రష్యాలో నడుస్తుంది, బాండ్ మూలాల్లోకి వెళ్తుంది. నిర్మాతలకి దాని మీద నమ్మకం పోయిందని బాయిలే తర్వాత చెప్పాడు. బాండ్‌కి బిడ్డ ఉండటమన్న ఆలోచన హాడ్జ్ తెచ్చిందేనని, దాన్నే వాళ్లు వేరేలా వాడుకున్నారని కూడా అన్నాడు. కాబట్టి 'బాయిల్ ఉండుంటే' అనే మీ మిత్రుడికి ఈ ముక్క చెప్పండి. ఆయన వెళ్లినా ఆ ఇంటి వాసన కొంత సినిమాలో మిగిలే ఉంది.

ఆలస్యం పాపమంతా బాయిల్ నెత్తిన రుద్దడం మాత్రం అన్యాయం. సరిగ్గా నెలలోపే, సెప్టెంబరు 20న, క్యారీ జోజి ఫుకునాగా పేరు ప్రకటించారు. విడుదల ముందు 2020 ఫిబ్రవరికి, తర్వాత ఏప్రిల్‌కి జరిగింది. దర్శకుడు మారినందుకు పట్టిన సమయం ఆ అయిదారు నెలలే. అక్కడి నుంచి 2021 సెప్టెంబరు 30 దాకా లాగింది కరోనా.

ప్ర: ఏదైనా సిరీస్ నుంచి దర్శకుడు తప్పుకున్నాడని వార్త రాగానే 'ఇక సినిమా పోయినట్టే' అంటారు. నిజంగా ఎప్పుడు భయపడాలి? (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)

జ: ఏ దశలో దిగాడన్నదే అసలు విషయం. కథ ముదరకముందు వెళ్తే పెద్ద నష్టం లేదు. 'మిషన్ ఇంపాసిబుల్' మూడో భాగానికి మొదట డేవిడ్ ఫించర్ అనుకున్నారు, తర్వాత జో కార్నహాన్ వచ్చి చాలాకాలం పనిచేసి వెళ్లిపోయాడు, చివరికి 2006లో జె. జె. ఏబ్రమ్స్ సినిమా వచ్చింది. ఇద్దరు దిగిపోయిన బండి అని చూసినవాళ్లెవరికీ అనిపించదు. సెట్లు లేచి, నటుల డేట్లు లాకయ్యాక వెళ్తే కొత్తవాడు వేరేవాళ్లు గీసిన గీతల మధ్య తియ్యాలి. సగం షూటింగ్‌లో వెళ్తే అసలు ప్రమాదం. రెండు చేతుల పని ఒకే సీనులో పడుతుంది, రీషూట్లకి నటుల గెటప్‌లు కలవవు, ఎడిటర్ నలిగిపోతాడు.

రెండోది, దర్శకుడితో పాటు ఎవరెవరు దిగారో చూడండి. పెద్ద గూఢచారి సినిమాల్లో యాక్షన్ చాలావరకు రెండో యూనిట్, అంటే అసలు దర్శకుడు లేకుండా విడిగా తీసే బృందం, తీస్తుంది. బాండ్‌లో 'క్యాసినో రాయల్', 'స్కైఫాల్', 'స్పెక్టర్', 'నో టైమ్ టు డై' నాలుగింటికీ రెండో యూనిట్ దర్శకుడు అలెగ్జాండర్ విట్టే. స్పెషల్ ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్‌గా క్రిస్ కోర్‌బౌల్డ్ 1995 'గోల్డెన్ ఐ' నుంచీ ఉన్నాడు. వీళ్లు కదలనంతవరకు ఛేజులు, పేలుళ్లు ఎక్కడికీ పోవు. కొత్త దర్శకుడితో వచ్చేది మాటల తీరు, కెమెరా కన్ను, సంగీతం. అందులోనూ నిర్మాత అడ్డుపడొచ్చు. ఫుకునాగా తెచ్చుకున్న సంగీత దర్శకుడు డాన్ రోమర్‌ని విడుదలకి మూడు నెలలే ఉందనుకుంటున్న 2020 జనవరిలో మార్చి హాన్స్ జిమ్మర్‌ని పెట్టారు.

మూడోది, హీరో దర్శకుడి మనిషా, సంస్థ మనిషా? 'బోర్న్' సిరీస్‌లో పాల్ గ్రీన్‌గ్రాస్ నాలుగోది చెయ్యనంటే, ఆయన లేకుండా నేనూ చెయ్యనన్నాడు మ్యాట్ డేమన్. దాంతో మొదటి మూడింటికీ రాసిన టోనీ గిల్రాయ్ మెగాఫోన్ పట్టి, 2012లో జెరెమీ రెన్నర్‌తో వేరే కథ తీయాల్సొచ్చింది. ఇద్దరూ కలిసి తిరిగొచ్చింది 2016లో. దర్శకుడు, హీరో జంటగా దిగితే మాత్రం మీ భయం న్యాయమే.

ప్ర: తారక్ అన్న హిందీలో చేసిన మొదటి సినిమా 'వార్ 2'. మొదటి 'వార్' తీసిన సిద్ధార్థ్ ఆనందే దీన్నీ తీసుంటే లెక్క వేరేగా ఉండేది. దర్శకుణ్ని ఎందుకు మార్చారండీ? (కె.ఆర్. పురం, బెంగళూరు)

జ: అక్కడ మార్చడమే పద్ధతి తమ్ముడూ. యశ్‌రాజ్ గూఢచారి వరస చూడండి: 2012 'ఏక్ థా టైగర్' కబీర్ ఖాన్, 2017 'టైగర్ జిందా హై' అలీ అబ్బాస్ జాఫర్, 2019 'వార్', 2023 'పఠాన్' సిద్ధార్థ్ ఆనంద్, అదే ఏడాది 'టైగర్ 3' మనీశ్ శర్మ, 2025 ఆగస్టు 14న 'వార్ 2' అయాన్ ముఖర్జీ. రెండుసార్లు కూర్చున్నవాడు సిద్ధార్థ్ ఒక్కడే. 'వార్', 'పఠాన్', 'టైగర్ 3', 'వార్ 2' స్క్రీన్‌ప్లేల్లో మాత్రం శ్రీధర్ రాఘవన్ పేరు తప్పలేదు. కాబట్టి కథ తేలిపోయింది అన్నది మీ ఫిర్యాదైతే దర్శకుడొక్కణ్నే నిలదీయడం కుదరదు. సీన్లలో ఊపు తగ్గింది అంటారా, అది అడగొచ్చు.

మన దగ్గరా ఇదే జరిగింది. 2018 'గూఢచారి'కి శశికిరణ్ తిక్క దర్శకుడు. రెండో భాగం 'జీ2' వినయ్‌కుమార్ సిరిగినీడికి ఇచ్చారు, ఆయన 'మేజర్'కి ఎడిటర్‌గా పనిచేసినవాడే. అడివి శేష్ హీరోగానూ కథ దగ్గరా ఉన్నాడు కాబట్టి పెద్దగా ఎవరూ గొడవ చెయ్యలేదు.

ప్ర: నేను సహాయ దర్శకుణ్ని. ఒక దర్శకుడి దగ్గర కూర్చుని స్పై థ్రిల్లర్ రాశాం. ఆయన ప్రాజెక్టు నుంచి బయటికొచ్చేశారు. స్క్రిప్టు నిర్మాత దగ్గరుంది. మా రాత మాకు దక్కుతుందా? (వడపళని, చెన్నై)

జ: ముందు ఒక అపోహ వదిలించుకోండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. అందుకే దర్శకుడు వెళ్లినా సినిమా ఆగదు. స్క్రిప్టు మాత్రం వేరే ఆస్తి. సినిమా హక్కు వేరు, అందులో వాడిన రచన హక్కు వేరు అని పదమూడో సెక్షన్ చెబుతుంది.

మీ రాత మీదేనా అన్నది మూడు కాగితాల మీద ఆధారపడుతుంది. ఒకటి, మీరు నెలజీతం మీద రాశారా? ఉద్యోగంలో భాగంగా రాసిందైతే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు జీతమిచ్చినవారిదే. రెండు, హక్కులు రాసిచ్చారా? నోటిమాట చెల్లదు, మీ సంతకమున్న కాగితం ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లే, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే. రాసిచ్చాక ఏడాదిలోపు వాళ్లు వాడుకోకపోతే హక్కు మీకు తిరిగొస్తుంది. కానీ చాలా అగ్రిమెంట్లలో 'ఈ ఏడాది నిబంధన వర్తించదు' అని ఒక లైను ఇరికిస్తారు. అడ్వాన్సు చెక్కు మీద చూపు పెట్టి ఆ లైను చదవనివాళ్లే ఎక్కువ మోసపోతారు. మూడు, పేరు. హక్కులన్నీ అమ్మేసినా, 'ఇది నేను రాశాను' అని చెప్పుకునే హక్కు యాభై ఏడో సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది.

ఆలోచనకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చేసింది. 'రిటైరైన రా ఏజెంట్ మళ్లీ డ్యూటీకి' అన్న లైను ఎవరైనా వాడుకోవచ్చు. సీన్లు, సంభాషణలు, వరస ఉన్న పూర్తి రచనకే రక్షణ. అందుకని ప్రతి డ్రాఫ్టుకీ తేదీ వేసి విడిగా దాచండి. దక్షిణ భారత సినీ రచయితల సంఘంలో సభ్యులైతే అక్కడ నమోదు చెయ్యండి, అది తేదీకి సాక్ష్యం. కాపీరైట్ ఆఫీసులో స్క్రిప్టు సాహిత్య రచన కింద వస్తుంది, ఫీజు 500 రూపాయలు. దరఖాస్తుకి ఇచ్చే డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఇద్దరు కలిసి రాసినప్పుడు ఒక్కరి పేరుతో నమోదు చేయిస్తే తర్వాత తలనొప్పి, మీ దర్శకుణ్ని కూడా కలుపుకోండి. ఆయన మాటవరసకి 'నీ పేరు వేయిస్తాలే' అని ఉంటే, ఆ మాట ఇప్పుడే వాట్సాప్‌లో అయినా రాయించుకోండి.

ప్ర: తెర మీద పేర్లు చూసి ఎవరు ఎప్పుడు రాశారో చెప్పొచ్చని మా లెక్చరర్ అన్నారు. ఎలా? (టి. నగర్, చెన్నై)

జ: హాలీవుడ్ సినిమాలకైతే చెప్పొచ్చు. రెండు పేర్ల మధ్య '&' గుర్తుంటే ఇద్దరూ జట్టుగా కూర్చుని రాసినట్టు. 'అండ్' అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా, ఒకరి డ్రాఫ్టు మీద ఇంకొకరు పనిచేసినట్టు. 'నో టైమ్ టు డై' స్క్రీన్‌ప్లే కార్డులో నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్ పేర్ల మధ్య '&' ఉంటుంది. వాళ్లు 1999 నుంచి బాండ్‌కి జంటగా రాస్తూ వచ్చినవాళ్లు. తర్వాత 'అండ్' క్యారీ ఫుకునాగా, మళ్లీ 'అండ్' ఫీబీ వాలర్ బ్రిడ్జ్. జాన్ హాడ్జ్ పేరు ఎక్కడా లేదు. పై ప్రశ్నలో వడపళని మిత్రుడి భయం ఎందుకో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ప్ర: దర్శకుడు వెళ్లిపోతే మిగతాది హీరోనే తీసేయొచ్చుగా? (అంబత్తూర్, చెన్నై)

జ: అమెరికాలో కుదరదు. 1976లో వచ్చిన ఒక వెస్టర్న్ సినిమా నుంచి దర్శకుడు ఫిలిప్ కాఫ్‌మన్‌ని తప్పించి హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ తనే తీశాడు. దాంతో అక్కడి దర్శకుల సంఘం ఒక నియమం పెట్టింది: అదే సినిమాలో పనిచేస్తున్నవాళ్లు దర్శకుడి కుర్చీ ఎక్కకూడదు. దానికి ఈస్ట్‌వుడ్ రూల్ అనే పేరు. మన దగ్గర 2019 'మణికర్ణిక'కి క్రిష్, కంగనా రనౌత్ ఇద్దరి పేర్లూ పడ్డాయి. 2025 'హరిహర వీరమల్లు'కి క్రిష్‌తో పాటు జ్యోతికృష్ణ పేరు వేశారు. రెండు పేర్లున్న సినిమాకి వెళ్లేటప్పుడు ఏ సీను ఎవరిదో కనిపెట్టే ఆట మాత్రం ఆడకండి, తొంభై శాతం తప్పే చెబుతారు.

ప్ర: మా అభిమాన సంఘం తరఫున 'దర్శకుణ్ని వెనక్కి పిలవండి' అని ఫ్లెక్సీలు కట్టి, థియేటర్ ముందు ధర్నా చేద్దామనుకుంటున్నాం. ఏమన్నా ఇబ్బందా? (బొమ్మనహళ్లి, బెంగళూరు)

జ: రెండిటికీ ఇబ్బందే. హైకోర్టు గట్టిగా మందలించాక 2018లో నగరంలో ఫ్లెక్సీలు నిషేధించారు. బహిరంగ స్థలాలు పాడుచేయడం మీద 1981 రాష్ట్ర చట్టం కూడా ఉంది, జైలు, జరిమానా రెండూ రాసున్నాయి. ధర్నాలంటే 2021 నుంచి ఫ్రీడమ్ పార్కులోనే, అదీ పోలీసు అనుమతితో. మీ కటౌట్ థియేటర్ కాంపౌండ్‌లో, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటే పెట్టుకోండి. పాలాభిషేకం మానేస్తే వాచ్‌మన్ కూడా సంతోషిస్తాడు.

ఉత్తరం రాయాలనుకుంటే ఒకే పేజీ, ఒకే కోరిక, జవాబు చెప్పగలిగేది. 'పాత దర్శకుణ్ని తెండి' అంటే ఎవరూ జవాబివ్వరు, ఒప్పందం ముగిసిన మనిషిని వెనక్కి తేవడం వాళ్ల చేతుల్లో కూడా ఉండదు. 'తెలుగు డబ్బింగ్ షోలు బెంగళూరులో మొదటి రోజే వెయ్యండి' అంటే పంపిణీదారు ఆలోచిస్తాడు. బాండ్ గురించైతే అడ్రసు సరిచూసుకోండి. బ్రోకలీ కుటుంబం 2025 ఫిబ్రవరిలో సృజనాత్మక పెత్తనం అమెజాన్ ఎంజీఎంకి అప్పగించింది, జూన్‌లో డెనీ విల్నూవ్‌ని దర్శకుడిగా ప్రకటించింది కూడా ఆ సంస్థే.

ప్ర: బాండ్ సినిమాలు ఎక్కువ తీసిందెవరు? తెలుగులో ఇలాంటి సిరీస్ పాతరోజుల్లో ఉండేదా? (పెరంబూర్, చెన్నై)

జ: జాన్ గ్లెన్. 1981 నుంచి 1989 దాకా వరసగా అయిదు, ఉదయ్‌పూర్‌లో తీసిన 'ఆక్టోపసీ' వాటిలో ఒకటి. రెండో ప్రశ్నకి: సిరీస్ అని ఎవరూ పేరు పెట్టలేదు గానీ కృష్ణ గారి గూఢచారి సినిమాలు అలాగే నడిచాయి. 1966 'గూఢచారి 116'కి ఎం. మల్లికార్జునరావు, 1971 'జేమ్స్ బాండ్ 777'కి కె.ఎస్.ఆర్. దాస్. దర్శకుడు మారాడని అప్పుడు ఎవరూ టికెట్ మానుకోలేదు, పోస్టరు మీద కృష్ణ చేతిలో పిస్తోలు ఉంటే చాలనుకున్నారు.