నవలలో కొత్త మతం: దేవుళ్ల కంటే ముందు రాసుకోవాల్సినవి

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఉన్న ఒక కల్పిత ఊరి మీద నవల రాస్తున్నాను. అక్కడివాళ్లకి మన లోకంలో ఎక్కడా లేని మతం ఉండాలి. సృష్టి కథ, పన్నెండు మంది దేవతలు, వాళ్ల వంశవృక్షం అన్నీ రాసుకున్నాను. కానీ కథలోకి తెచ్చేసరికి పాత్రలు పాఠం అప్పజెబుతున్నట్టు ఉంటోంది. ఎక్కడ తేడా కొడుతోంది? ఎవరి మనసైనా నొచ్చుకుంటుందేమోనని టెన్షన్ కూడా ఉంది.
- ఒక పాఠకురాలు, మురళీనగర్, విశాఖపట్నం

జవాబు: మీరు పంపిన నోట్సు శ్రద్ధగా చదివానండీ. దేవతల సంగతి చాలా వివరంగా ఉంది. కానీ ఆ ఊళ్లో ఒక మామూలు ఇల్లాలు పొద్దున్నే లేచి ఏం చేస్తుంది, ఏ పని చెయ్యడానికి జంకుతుంది, చేతిలో డబ్బుల్లేకపోయినా దేనికి అప్పు తెచ్చి మరీ ఖర్చు పెడుతుంది, వీటిలో ఒక్కటీ లేదు. పాఠం అప్పజెప్పినట్టు ఉన్నది అందుకే. సృష్టి ఎలా జరిగిందో వరసగా చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం? అయినా మార్గశిర గురువారం వచ్చిందంటే విశాఖ బురుజుపేటలో అమ్మవారి గుడి దగ్గర క్యూ కడతాం.

ఆ గుడినే తీసుకోండి. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైన కప్పు లేదు, ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. అమ్మకీ మనకీ మధ్య ఎవరూ అక్కర్లేదన్న నమ్మకం ఆ ఆచారంలోనే తెలిసిపోతుంది, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సింహాచలంలో వేరు. స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ దాకా ఆగాలి. ఒకచోట చేత్తో తాకొచ్చు, ఇంకోచోట చూడ్డానికే ఏడాది ఎదురుచూడాలి, రెండు చోట్లకీ వెళ్లేది మాత్రం ఒకే కుటుంబం, అందులో వాళ్లకి ఏ ఇబ్బందీ కనిపించదు. మీ పన్నెండు మంది దేవతలూ ఒకే సూత్రానికి లొంగి ఉన్నారు. అందుకే అదంతా ఒక్క మనిషి కూర్చుని రాసినట్టు తెలిసిపోతోంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ఊరి భయం దగ్గర. సముద్రం ఒడ్డు కాబట్టి వేటకెళ్లిన పడవ తిరిగి రాకపోవడం కంటే పెద్ద భయం ఉండదు. దాని నుంచి ఒక ఆచారం పుట్టించండి. ఉదాహరణకి, సముద్రం మీద ఉన్న మనిషి పేరు అతను ఒడ్డుకు చేరేదాకా ఇంట్లో ఎవరూ పలకకూడదు, పలికితే సముద్రం వింటుంది. ఇంతే, దేవత పేరు కూడా అక్కర్లేదు. ఇప్పుడు పడవ రాలేదనుకోండి. పేరు మళ్లీ ఎప్పుడు పలకొచ్చు? పలికితే పోయాడని ఒప్పుకున్నట్టే. తల్లి పలకనివ్వదు. భార్య పలకాలనుకుంటుంది, ఎందుకంటే పేరు పలికేదాకా ఆమెకి వాటా రాదు, అప్పిచ్చిన షావుకారు మాత్రం రోజూ గుమ్మంలో ఉంటాడు. పై వీధివాళ్లు మూడు పౌర్ణములు చాలంటారు, కింది వీధివాళ్లు శవం దొరికితే తప్ప కుదరదంటారు. ఈ తగవు తీర్చేది ఎవరు, తీర్చినందుకు ఆయన ఏం తీసుకుంటాడు? ఇవి రాసుకుంటూ పోతే పూజారీ వస్తాడు, మతంలో చీలికా వస్తుంది, మీ కథా నడుస్తుంది.

కొన్ని ఆచారాలు బతుకుతెరువులోంచి కూడా వస్తాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంది, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మీ లోకంలో ఆ పని ప్రభుత్వం బదులు మతమే చెయ్యొచ్చు: ఆ రెండు నెలలూ సముద్రం పురిట్లో ఉంది, గడప తొక్కకూడదు. అసలు కారణం ఊరంతా మర్చిపోయి ఉంటే ఇంకా బాగుంటుంది. మర్చిపోవడం మతానికి చాలా సహజం. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ బౌద్ధ ఆరామం కదా, కనుమ రోజు అక్కడ చేరిన జనం ఒక కట్టడాన్ని రాక్షసుడనుకుని రాళ్లు వేసే అలవాటు ఉండేది. ఏ కల్పనలోనూ ఇంతకంటే నమ్మించే మలుపు దొరకదు.

విశాఖ దగ్గరే ఉన్న బౌద్ధ ఆరామం తొట్లకొండ వెళ్లకపోతే ఒకసారి వెళ్లి రండి. స్తూపంతో పాటు రాతిలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల ఆనవాళ్లు కూడా కనిపిస్తాయి. ధ్యానం చేసేవాళ్లకీ అన్నం, నీళ్లు కావాలి. మీ సన్యాసులకి అన్నం ఎవరు పెడుతున్నారు?

మనసు నొచ్చుకునే విషయానికి వస్తే, ఉన్న మతానికే పేరు మార్చి అందులో చెడ్డవాళ్లను నింపితే పాఠకులు వెంటనే పట్టేస్తారు, అప్పుడు కోపం రావడం న్యాయమే. మీ ఊరి భయాల్లోంచి పుట్టిన మతమైతే, అందులో నమ్మేవాళ్లని మీరు ప్రేమగా రాస్తే, ఆ గొడవ చాలావరకు రాదు.

ప్రశ్న: నా కథలో ఒక గురువు ఫలానా రోజు లోకం మునిగిపోతుందంటాడు. ఆ రోజు ఏమీ జరగదు. అక్కడితో ఆ మతం కూలిపోవాలి కదండీ?
- ఒక డిగ్రీ విద్యార్థి, భీమిలి

జవాబు: కూలనక్కర్లేదు బాబూ. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు తిరిగి వస్తాడని ఎదురుచూశారు. పంట కోయకుండా పొలంలో వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన రాలేదు. చాలామంది వెళ్లిపోయారు. కానీ కొందరు తేదీ సరైనదే, జరిగింది భూమ్మీద కాదు స్వర్గంలో అని కొత్త అర్థం చెప్పుకున్నారు, ఆ ధోరణిలోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది, ఇప్పటికీ ఉంది.

కాబట్టి నీ కథని ఆ రోజుతో ఆపెయ్యకు. మర్నాడు పొద్దున రాయి. పడవ అమ్ముకున్నవాడు ఆ గురువు గుమ్మం ముందు నిలబడి ఏమడుగుతాడు? నవ్విన పక్కింటివాళ్లకి అతని పెళ్లాం ఏం జవాబిస్తుంది? అంత పోగొట్టుకున్నాక తప్పని ఒప్పుకోవడం కంటే మళ్లీ నమ్మడమే కొందరికి తేలిక. వాళ్లలో ఒకడిని నీ కథానాయకుడిగా తీసుకో.