ఇన్సూరెన్స్ మా దగ్గరే చేయించాలి, లేదంటే బండి ఇవ్వం అంటున్నారు

ప్రశ్న: కొత్త కారు బుక్ చేసి 25 వేలు కట్టాను. అప్పుడు చెప్పిన ఆన్ రోడ్ రేటు ఒకటి. డెలివరీ దగ్గరపడ్డాక ఇన్సూరెన్స్ తమ దగ్గరే చేయించాలని, యాక్సెసరీస్ ప్యాకేజీ తప్పనిసరని, పైగా హ్యాండ్లింగ్ ఛార్జీలు 12 వేలని అంటున్నారు. వద్దంటే బుకింగ్ డబ్బు రాదట. ఏం చేయమంటారు?

జవాబు: మిగతా డబ్బు ఇంకా కట్టలేదు కదా, అయితే కట్టకండి. మీ మాటకు విలువ ఉండేది ఇప్పుడే, మొత్తం సొమ్ము వాళ్ల ఖాతాలో పడ్డాక అదే సేల్స్ కుర్రాడు ఫోన్ ఎత్తడు.

ఒక వస్తువు కొనాలంటే ఇంకోటి కూడా కొనాల్సిందే అని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతి. ఇన్సూరెన్స్ విషయంలో డీలర్లు వాడే ఆయుధం ఏంటంటే, బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు అనే మాట. అది నిజమే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 అదే చెబుతుంది, కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ కవర్ కూడా ఉండాలి. కానీ ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలన్నది మీ ఇష్టం. బయట కొటేషన్ తీసుకోండి. అదే ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ), అవే యాడ్ ఆన్‌లు (అదనపు కవర్లు) ఉండేలా చూసి పోల్చండి, లేకపోతే తక్కువ రేటు చూసి మోసపోతారు. బయట పాలసీకి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కావాలి. చాలా చోట్ల అవి ఇవ్వకుండా రోజులు సాగదీస్తారు, కాబట్టి వాట్సాప్‌లో కాదు, ఈమెయిల్‌లోనే అడగండి. బయట చేయిస్తే క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టడం) రాదని భయపెడితే టెన్షన్ పడకండి, అది బీమా కంపెనీకీ ఆ వర్క్‌షాప్‌కీ ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీల జాబితాలో చూసుకోవచ్చు.

హ్యాండ్లింగ్ ఛార్జీలు దేనికో రాసివ్వమనండి, అంతే. బండిని గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చుకోవడం, తుడిచి నిలబెట్టడం వాళ్ల వ్యాపారంలో భాగం, ఎక్స్ షోరూమ్ ధరలో వాళ్ల మార్జిన్ ఉండనే ఉంది. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత కట్టారో రసీదులు అడగండి. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు, అది మాత్రం న్యాయమైనదే, రిటర్న్ దాఖలు చేసేటప్పుడు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది.

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. తిరిగి ఇవ్వబడదు అని అచ్చేసినా, షరతులు మార్చింది వాళ్లు, మీరు కాదు. అందుకే మొదట చెప్పిన రేటుకు రుజువు ఉంటే మీ వాదన బలంగా నిలుస్తుంది. ఆ కొటేషన్ కాగితమైనా, మెసేజ్ అయినా భద్రంగా దాచండి.

ఇప్పుడు డీలర్‌కు ఈమెయిల్ పెట్టి, కారు కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ పంపండి. మొదట చెప్పిన రేటుకే బండి ఇవ్వాలని, లేదంటే వారంలో బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వాలని నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు, తిట్లు వద్దు. చాలా తగాదాలు ఇక్కడే తెగుతాయి. తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అదీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, షోరూమ్ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. వివాదం మొదలైన 2 ఏళ్లలోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది, లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఏదో అవసరం వల్ల వాళ్లడిగినంతా కట్టి బండి తెచ్చుకోవాల్సి వస్తే, ఒప్పుకోకుండానే కడుతున్నానని అదే రోజు ఈమెయిల్ చేయండి, ప్రతి రూపాయికీ విడివిడిగా బిల్లు తీసుకోండి. డెలివరీ పేపర్ల మీద సంతకానికి ముందు ఛాసిస్ నంబరు బండి మీదా, ఫారం 21 (డీలర్ ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం) లోనూ ఒకటే ఉందో లేదో, తయారైన నెల ఏదో చూసుకోండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయినా లేకుండా బండి ఇస్తామంటే మాత్రం తీసుకోకండి, అలా ఇవ్వడానికి డీలర్‌కు అధికారం లేదు.