‘శాన్ జూనిపెరో’ ముగింపు కొందరికి సంతోషంగా, కొందరికి భయంగా ఎందుకు అనిపిస్తుంది?

గొడవంతా చివరి నిమిషాల్లోనే ఉంది. 2016లో వచ్చిన ఈ ‘బ్లాక్ మిరర్’ టీవీ సిరీస్ ఎపిసోడ్‌లో యార్కీ, కెల్లీ అనే ఇద్దరు ప్రేమికురాళ్లు చనిపోయాక వాళ్ల మనసుల్ని కంప్యూటర్ లోకంలోకి ఎక్కిస్తారు. అక్కడ ఇద్దరూ పడుచువాళ్లై డాన్సు చేస్తుంటే, మధ్యమధ్యలో ఆ లోకాన్ని నడిపే కంప్యూటర్లున్న సర్వర్ గది, అందులో మిణుకుమనే దీపాలు కనిపిస్తాయి.

ప్రేమకథగా చూసినవాళ్లకు అది గెలుపే. 21వ ఏట ప్రమాదం జరిగినప్పటి నుంచి యార్కీ కదల్లేక మంచం మీదే ఉండిపోయింది మరి. ‘అక్కడున్నది వాళ్లేనా, వాళ్ల నకళ్లా?’ అనుకునేవాళ్లకు మాత్రం ఆ దీపాలే గుబులు పుట్టిస్తాయి.

నన్ను గుచ్చింది వేరే సంగతి. కెల్లీ కూతురికి అక్కడికి వెళ్లే అవకాశమే రాలేదు. అందుకే భర్త తానూ వెళ్లనన్నాడు. ఆ కుటుంబంలో కెల్లీ ఒక్కతే వెళ్లింది. ఆ ఎంపికను మనం ఎలా తీసుకుంటామో, ముగింపు అలా కనిపిస్తుంది.