దండల పెళ్లిలో ప్రమాణం ఎలా రాసుకోవాలి? పెళ్లి నడిపించేవాళ్లు ఏం మాట్లాడాలి?

మీ తమ్ముడిది దండల పెళ్లి, పురోహితుడు ఉండరు, నడిపించమని మిమ్మల్నే అడిగారు, వాళ్లతో ఏం చెప్పించాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. స్నేహితుల పెళ్లిళ్లలో మైకు పట్టుకుని ప్రమాణాలు చెప్పించినవాణ్ణి కాబట్టి నేను పాటించే పద్ధతి చెబుతాను.

ముందు చట్టం సంగతి చూసుకోండి. 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లాలంటే ఇద్దరిలో ఒకరి ఆచారం ప్రకారమైనా క్రతువు జరగాలి. అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుంది. క్రతువు లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తమిళనాడులో 1967 నాటి సవరణ వల్ల బంధుమిత్రుల ముందు ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పి దండలు మార్చుకున్నా చెల్లుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు. అందుకని దండల పెళ్లి చేసుకునేవాళ్లకు 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్టే భద్రం. ముందుగా నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత మ్యారేజ్ ఆఫీసర్, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరితో ఒకరు ఈ అర్థం వచ్చే మాట అనాలి: 'నేను (తన పేరు), నిన్ను (ఆమె పేరు) చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను.' ఆమె 'భర్తగా' అంటుంది. ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా అనవచ్చు. ఆఫీసర్ ఎదుట అనే ఈ ఒక్క వాక్యాన్ని మార్చకండి. మిగతాదంతా మీ ఇష్టం.

తెలుగులో పెళ్లి జరిపించడం మనకు కొత్తేమీ కాదు. హేతువాది, రచయిత కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాల బదులు తెలుగులో 'వివాహ విధి' రాసి, స్వయంగా ఎన్నో పెళ్లిళ్లు జరిపించారు. వచ్చిన పెద్దవాళ్లలో ఎవరైనా 'మంత్రాలు లేని పెళ్లేంటి' అని నసిగితే ఈ సంగతి చెప్పండి.

మంత్రాల పెళ్లిలోనూ మనం తీసుకోదగ్గవి ఉన్నాయి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించకూడదని కన్యాదాత అడుగుతాడు. పెళ్లికొడుకు 'నాతిచరామి' అని బదులిస్తాడు. ఒకరు అడగడం, ఒకరు అందరూ వినేలా మాటివ్వడం, ఈ పద్ధతి చాలా బాగుంటుంది, ఉంచుకోండి. కాకపోతే అక్కడ మాటిచ్చేది వరుడొక్కడే, అదీ మామగారు అడిగితే. మన పెళ్లిలో ఇద్దరూ ఒకరికొకరు మాటివ్వాలి. అతను ఏ మాట ఇస్తే ఆమె కూడా అదే మాట ఇవ్వాలి. ఇంకొకటి, సప్తపదిలో ఏడో అడుగు దగ్గర 'సఖా సప్తపదా భవ' అంటారు, ఏడడుగులు నడిచావు, ఇక నాకు నేస్తానివి కమ్మని. నాకు మొత్తం పెళ్లిలో ఇష్టమైన మాట అదే. అందుకే నేను చెప్పించే ప్రతి ప్రమాణంలో స్నేహం గురించి ఒక వాక్యం ఉండేలా చూస్తాను.

ఇక ప్రమాణం రాయడం. జన్మజన్మల బంధం, కంట నీరు పెట్టనివ్వను, ఎప్పుడూ గొడవ పడను... ఇలాంటివి వద్దని చెప్పండి. మనిషి చేతిలో ఉన్న పనుల మీదే మాటివ్వాలి. ఒక జంట మొదట అన్నీ అలాంటి పెద్ద పెద్ద మాటలే రాసుకొచ్చారు. అమ్మాయి నర్సు. రిహార్సల్లో అతను చదువుతుంటే ఆపి, 'నాకు నైట్ డ్యూటీ ఉన్న వారం వంట సంగతేంటి? అది రాయలేదేం?' అని అడిగింది. అతను అక్కడికక్కడే పెన్ను తీసుకుని, పైనున్న రెండు వాక్యాలు కొట్టేసి అది రాశాడు. పెళ్లిలో ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. ముందు వరసలోంచి వాళ్లమ్మే, 'గట్టిగా చెప్పరా, ఇక్కడికి వినపడట్లేదు' అంది. మళ్లీ చెప్పాడు. ఆ రోజు అన్ని మాటల్లోకీ నాకు గుర్తున్నది అదే.

మీ వాళ్లకు మొదలుపెట్టడానికి ఒక నమూనా ఇస్తున్నాను, మార్చుకోమనండి: 'అందరి ముందూ నిన్ను నా జీవిత సహచరిగా స్వీకరిస్తున్నాను. నీకు ముందు స్నేహితుడిగా ఉంటాను. నీ చదువుకీ ఉద్యోగానికీ అడ్డు రాను. మీ అమ్మానాన్నల్ని చూసుకోవడంలో నీతో పాటు నేనూ ఉంటాను. డబ్బు విషయం ఏదీ నీ దగ్గర దాచను. కోపం వచ్చినా మాట్లాడటం మానేయను.' ఆమె కూడా ఇవే మాటలు, సహచరుడు, స్నేహితురాలు అని మార్చుకుని చెబుతుంది. ఆరేడు వాక్యాలు మించితే వినేవాళ్లకు ఏదీ మిగలదు.

మీరు మాట్లాడాల్సింది చాలా తక్కువ. ఇద్దరి పూర్తి పేర్లూ చెప్పి, కట్నకానుకలు లేకుండా, ఇష్టపడి పెళ్లి చేసుకుంటున్నారని చెప్పండి. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి, 'ఇది నీ ఇష్టంతో జరుగుతున్న పెళ్లేనా?' అని అడగండి, ఊరికే తలూపితే ఒప్పుకోకండి, నోటితో చెప్పాలి. ఆ తర్వాత ప్రమాణం. నాలుగైదు మాటలకొకసారి ఆగి అందించండి, పొడుగు వాక్యం అందిస్తే సగంలో మర్చిపోతారు. కాగితం మీ చేతిలోనే ఉండాలి, పెద్ద అక్షరాలతో. వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చారంటే తల దించుకుని వార్తలు చదివినట్టు చదివేస్తారు. మైకు వాళ్లకి అందించి మీరు పక్కకి జరగండి, లేకపోతే ఒకరినొకరు చూసుకోవడం మానేసి మిమ్మల్ని చూస్తూ చెబుతారు. చివరికి సభ వైపు తిరిగి, 'వీళ్లకి కష్టం వస్తే మీరంతా అండగా ఉంటారా?' అని అడగండి. 'ఉంటాం' అని వాళ్లు బదులిచ్చాక దండలు మార్పించండి.

పెద్దల ప్రసంగాలు మాత్రం దండలు మార్చుకున్నాకే పెట్టుకోండి. దండల పెళ్లికి వచ్చే వక్తలకు మైకు దొరికితే త్వరగా వదలరు. వాళ్లని ముందు పెడితే దండ పట్టుకుని మీ తమ్ముడూ మరదలూ అంతసేపూ నిలబడాల్సి వస్తుంది.