సీసాలో ఈగ చచ్చింది, కాయలో పురుగు చావలేదు

ప్రశ్న: మా సువర్ణరేఖ మామిడి తోటలో రాలిన కాయల చుట్టూ ఎర్రకళ్ల చిన్న ఈగలు ముసురుతున్నాయి. కాయ కోస్తే తెల్ల పురుగులు. మందుల షాపాయన నాలుగు ఈగల్ని సీసాలో వేసి, మందు కొట్టి చంపి చూపించాడు. మూడు మందులు కలిపి కొట్టమన్నాడు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. విషాలను ప్రయోగశాలల్లో ఈ ఈగల మీదే పరీక్షిస్తారని బీఎస్సీ చదివే మా అమ్మాయి అంటోంది. మరి తోటలో ఎందుకు పనిచేయలేదు?
– ఒక రైతు, గజపతినగరం, విజయనగరం జిల్లా

జవాబు: మీరు అనుమానించిన ఈగే తప్పు. ఎర్రకళ్ల చిన్నది డ్రోసోఫిలా. గట్టి కాయ తొక్కను అది పొడవలేదు, కుళ్లిన కాయ మీదే గుడ్లు పెడుతుంది. మీ కాయను పాడుచేసింది పండు ఈగ. ఇంటి ఈగంత ఉంటుంది, వీపు మీద పసుపు చారలుంటాయి. పక్వానికొచ్చే కాయలోకి గుడ్లు దించుతుంది. పురుగు గుజ్జులో, మీ మందు తొక్క మీద. ఇక తగ్గేదెలా?

మీ అమ్మాయి చెప్పింది నిజమే. ప్రయోగశాలల్లో డ్రోసోఫిలానే వాడటానికి కారణాలున్నాయి. 25 డిగ్రీల వేడిలో డ్రోసోఫిలా గుడ్డు ఈగ కావడానికి 10 రోజులు చాలు. మనుషుల జబ్బులకు సంబంధించిన జన్యువుల్లో దాదాపు 75 శాతానికి ఈ ఈగలో పోలిక జన్యువులున్నాయి. అయితే అక్కడ ఒకే వయసు ఈగలకు మేతలో కొలిచి కలిపిన వేర్వేరు మోతాదులిస్తారు. పక్కన మందు కలపని సీసా తప్పకుండా ఉంటుంది. చావులు లెక్కపెట్టి ఊరుకోరు. సీసాను తట్టి కిందికి రాలిస్తే మామూలు ఈగ గోడ పట్టుకుని పైకెక్కుతుంది, విషం తగిలింది బతికున్నా ఎక్కలేక తడబడుతుంది. ఇదంతా చూస్తారు. నాలుగు ఈగల్ని తడిపేస్తే సబ్బునీళ్లకూ చస్తాయి. షాపాయన దాన్ని పరీక్షంటే మీరు నమ్మారు! పైగా ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఈగ నరాల్లో దెబ్బతీసే ఎంజైము మన నరాల్లోనూ ఉంది. మూడు మందుల ట్యాంకు వీపున మోసే కూలీ సంగతి ఆ షాపులో ఎవరైనా అడిగారా?

పిచికారీ ఆపండి. కోత దగ్గరపడ్డాక కొట్టిన మందు తినేవాళ్ల నోట్లోకే పోతుంది. రాలిన కాయల్ని రోజూ ఏరి 2 అడుగుల లోతు గోతిలో పూడ్చండి, గట్టు మీద పారేయొద్దు. మగ పండు ఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎరలు ఎకరాకు 10, మనిషి ఎత్తులో నీడ కొమ్మలకు ఈరోజే కట్టండి. వచ్చే ఏడు కోతకు రెండు నెలల ముందే కట్టాలి. వీటికి మగ ఈగలే పడతాయి, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ మీ తోటకు రావచ్చు. కాబట్టి పక్క తోటలవాళ్లనూ కట్టమనండి. కోత అయ్యాక చెట్ల కింద నేల దున్నితే మట్టిలోని కోశస్థ దశ (పురుగు ఈగగా మారే ముందు గూడులో ఉండే దశ) ఎండకు చస్తుంది. ముదిరిన పచ్చికాయల్ని 48 డిగ్రీల నీళ్లలో 60 నిమిషాలు ఉంచితే లోపలి గుడ్లు, పురుగులు చస్తాయి. వేడి చేత్తో చూసి చెప్పొద్దు, థర్మామీటరు వాడండి.

సీలు తీయని డబ్బాలుంటే బిల్లు పట్టుకెళ్లి తిరిగి ఇచ్చేయండి.