కాలువ గట్టున బురదలో పెరిగిన ఆ ముళ్ళ మొక్క నీరుగొబ్బి

విజయవాడలో రైవస్ కాలువ గట్టు పక్కన, బురదలో ఊదారంగు పూలతో, ముళ్ళతో నిలబడిన మొక్క ఏమిటని అడిగారు. మీ వర్ణనను బట్టి అది నీరుగొబ్బి. ములుగొలిమిడి అని కూడా అంటారు, సంస్కృతంలో కోకిలాక్ష. సాధారణంగా ఏడాదిలోనే జీవితం ముగించుకునే ఈ మొక్క మన దేశపుదే, అడ్డసరం కుటుంబానికి చెందినది.

పూవు కంటే ముందు కణుపును చూడండి. నూగుతో గరుకుగా ఉండే కాండం మీద ప్రతి కణుపు దగ్గరా సాధారణంగా ఆరు ఆకులు వలయంగా అమరి, వాటిలో రెండు పొడవుగా, నాలుగు పొట్టిగా ఉండి, ఆకు మొదట్లో పసుపుపచ్చని నిటారు ముల్లు పొడుచుకు వస్తుంది. పూలు ఆ ముళ్ళ మధ్యనే గుత్తిగా పూస్తాయి కనుక కోయబోతే వేళ్ళు గీసుకుపోవడం ఖాయం. పూవుకు రెండు పెదవులుంటాయి. కింది పెదవి మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది.

ముళ్ళగోరింటతో పొరబడేవారున్నారు గానీ, దాని పూలు పసుపు, అది పెరిగేది మెట్ట నేలలో. ఇంకా అనుమానముంటే ఎండిన కాయలోని గింజలను నీళ్ళలో వేయండి: కాసేపటికే చుట్టూ జిగురు పొర కడుతుంది.