చేతితో చేసిన మడతచాకుకు అంత ధర ఎందుకు పెట్టాలి?

ఆన్‌లైన్‌లో రెండు వందలకు మడతచాకు దొరుకుతున్నప్పుడు చేతితో చేసినదానికి రెండు వేలు పోయడం దేనికి, ఉక్కు ఎక్కడైనా ఉక్కే కదా అని అడిగారు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో, అచ్చులూ పనిముట్లూ తయారుచేసే ఒక టూల్‌రూములో ఉద్యోగజీవితమంతా గడిపినవాణ్ణి కనుక, ఆ చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

కొనేవాళ్లందరూ ముందుగా పదును చూస్తారు. పదును ఎవరైనా పెట్టగలరు. మా వీధికి సానబండి తెచ్చే కుర్రాడు ఎంత చవక చాకునైనా పది నిమిషాల్లో మీసం గొరిగేటట్టు చేసి ఇస్తాడు. మడతచాకు ఖరీదంతా దాని వెనుక స్ప్రింగులో ఉంటుంది. తెరిచిన అలుగును నిలబెట్టేదీ, మూసిన అలుగు జేబులో విచ్చుకోకుండా పట్టి ఉంచేదీ ఆ సన్నని ఉక్కు పట్టీయే. తెరిచినా, సగంలో ఆపినా, మూసినా, ఆ స్ప్రింగు వీపు దాని ఇరువైపులా ఉన్న ఇత్తడి రేకుల అంచుతో ఒకే మట్టంగా ఉండాలి. ఈ ఒక్క పని యంత్రానికి చేతకాదని కాదు గానీ, రెండు వందల రూపాయల ధరలో ఎవరూ చేయరు.

కృష్ణరాజ మార్కెట్ వెనుక సందులో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలి పనివాడి దగ్గర నేను దీన్ని కళ్లారా చూశాను. అరిగిపోయిన ఆకురాయిని, అంటే ఉక్కు ఫైలును, కాల్చి సాగగొట్టి అలుగు చేశాడు, లారీ స్ప్రింగు పట్టా ముక్కతో వెనుక స్ప్రింగు చేశాడు. కొలిమిలో ఎర్రబడిన అలుగుకు అయస్కాంతం ఆనించి, అది అంటుకోవడం మానేసిన తరువాత మరికాస్త వేడి ఎక్కనిచ్చి నూనెలో ముంచాడు. ఆ తరువాత దాని మీద ఆకురాయితో గీస్తే పట్టు దొరక్క జారిపోయింది. అంత గట్టి ఉక్కు పెళుసుగా విరుగుతుంది కాబట్టి అలుగును మళ్లీ మెల్లగా వేడిచేసి ఎండుగడ్డి రంగు రాగానే ఆపాడు, స్ప్రింగును మాత్రం నీలం తిరిగేదాకా ఉంచాడు. కోసేదానికి గట్టిదనం కావాలి, వంగి లేచేదానికి సాగుడు కావాలి. ఒకే నిప్పు దగ్గర రెండింటికీ రెండు వేడిమి స్థాయిలు చూడాలి.

అసలు పని అప్పుడు మొదలయింది. తాత్కాలికంగా మేకులు దూర్చి చాకును కూర్చి, తెరిచి, మూసి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ విప్పి, అలుగు మొదలులో స్ప్రింగును తాకే ముఖాన్ని ఆకురాయితో ఒకటి రెండుసార్లు మాత్రమే తాకించి, మళ్లీ కూర్చేవాడు. ఎక్కువ అరిగిపోతే తిరిగి అతికించే వీలు లేదు, ఆ అలుగు చెత్తలోకే. చాకు కోసం స్కూటరు మీద వచ్చి కూర్చున్న ఒక యువకుడు విసుగెత్తి, "బాగానే ఉంది కదా తాతా, ఇచ్చేయ్" అన్నాడు. ఆయన ఆ పిల్లవాడి బొటనవేలిని చాకు వీపు మీద ఒకసారి జరిపించాడు. సగం తెరిచినచోట వేలు తట్టుకుంది. "అయితే ఏమి, కోస్తుంది కదా" అన్నాడు వాడు. "కోసేదానికైతే గడ్డం బ్లేడు చాలు నాయనా, అంగట్లో తెచ్చుకోపో" అని ముసలాయన మళ్లీ మేకులు విప్పాడు. మీరు అడిగిన రెండు వేలు ఆ విప్పడానికే చెల్లుతాయి.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒకప్పుడు కాల్చేవాడు, సానపట్టేవాడు, కూర్చేవాడు వేరువేరుగా ఉండేవారు. అక్కడ 1941లో 14 ఏళ్ల వయసులో ఈ వృత్తిలో చేరిన స్టాన్ షా మాత్రం చాకులను తానొక్కడే మొదటి నుంచి చివరిదాకా చేసేవాడు. 2021లో 94 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు. ఆయన చాకు కోసం జనం ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉండేవారు. మనవాళ్లు వారం ఆగమంటేనే ఫోను మీద ఫోను చేస్తారు.

ఇంకొక చిరాకు కూడా ఉంది. పచ్చిమామిడికాయ కోస్తే అలుగు నల్లబడిందని చాకు వాపసు తెచ్చేవాళ్లను ఆ దుకాణంలోనే చూశాను. కార్బన్ ఉక్కుకు పులుపు తగిలితే నల్లబడక ఏమవుతుంది? కడిగి, తడి తుడిచి పెట్టుకోవాలి, అంతే. మరికొందరు యాసిడ్‌తో పైపైన అలలు గీసిన సాధారణ ఉక్కును, పొరలు పొరలుగా అతికి చేసే డమాస్కస్ ఉక్కు అంటూ కొని మురిసిపోతారు. జింక కొమ్ము పిడి కావాలని బతిమాలేవాళ్లూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం. గేదె కొమ్మును వేడిచేసి చదునుగా అదిమితే వచ్చే పిడి దానికేమీ తీసిపోదు.

కొనడానికి వెళితే కాగితం కోసి చూడకండి. చాకు వీపు మీద మూడు స్థితుల్లోనూ బొటనవేలు జరపండి. తెరిచిన అలుగును పక్కలకు కదిపి చూడండి, అది ఊగకూడదు. మూసినప్పుడు అలుగు అంచు లోపలి స్ప్రింగుకు కొట్టుకుంటోందేమో వెలుతురులో చూడండి. కొట్టుకుంటే ఎంత పదును పెట్టినా మూసిన ప్రతిసారీ మొద్దుబారుతుంది. ఈ పరీక్షలకు నిలిచిన చాకు మీద బేరమాడవద్దు. ఇంటికి తెచ్చాక కీలులో అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేయకండి, అది బెంగళూరు చలికి గడ్డకడుతుంది.